తలుపులు తెరిచిన దేశానికే ముందు దెబ్బా? మా ఇంట్లో తెగని వాదన

ఉండి_రైతుబిడ్డ
మాది ఉండి దగ్గర పల్లె. పన్నెండెకరాల వనామి రొయ్యల చెరువులు, అందులో ఎనిమిదెకరాలు లీజు. 2025 ఆగస్టు 27 నుంచి అమెరికా మన సరుకు మీద సుంకం 50 శాతం చేసిన దగ్గర్నుంచి ఇంట్లో రోజూ ఇదే గొడవ. మేము అమ్మేది గట్టు మీదికి వ్యాను తెచ్చుకునే కొనుగోలుదారుడికి. ఆయన ఎగుమతి ప్లాంటుకి అమ్ముకుంటాడు. అమెరికా మాకు ఎక్కడా కనపడదు. అయినా అక్కడ మాట బయటికి రాగానే మా గట్టు మీద కౌంట్ రేటు (కిలోకి ఎన్ని రొయ్యలు తూగుతాయో దాన్ని బట్టి కట్టే ధర) పడింది. మేత రేటు పడలేదు, కరెంటు బిల్లు పడలేదు, లీజు పడలేదు.

అన్నయ్య మాట ఇది: "1991లో విదేశీ వ్యాపారానికి తలుపులు బార్లా తీశారు. అప్పట్నుంచి ఎక్కడ పిడుగు పడినా మన గడ్డివామే అంటుకుంటోంది." నాన్న ఒప్పుకోడు. "తలుపులు మూసుకున్న రోజుల్లోనే కదా దేశం బంగారం తాకట్టు పెట్టింది" అంటాడు. ఇద్దరూ అన్నం ముందు కూర్చుని నా మొహం చూస్తారు.

నా ప్రశ్న ఒక్కటే. ప్రపంచానికి ఎక్కువ తెరుచుకున్న దేశం ఇలాంటి సంక్షోభాల్లో ఎక్కువ దెబ్బ తింటుందా, తక్కువ తింటుందా? తెలిసినవాళ్లు సూటిగా చెప్పండి. టీవీ చర్చలు చూసి విసిగిపోయాను.

నల్లరేగడి
ఎక్కువే. మాది ఆదోని వైపు, పత్తి. మా రేటు మా యార్డులో పుట్టదు, బయట పుట్టి ఇక్కడికి వస్తుంది. 2008లో అమెరికావాళ్లు ఇళ్ల అప్పులు కట్టలేకపోతే మన సెన్సెక్స్ జనవరిలో 21 వేల దగ్గర ఉన్నది అక్టోబరుకి 8 వేల కిందికి జారింది. ఆ అప్పులకీ మనకీ సంబంధం ఏంటి? తలుపు తెరిచి ఉండటమే సంబంధం.

మూడో_బెంచి
గ్రూప్-1కి చదువుతున్నాను, ఈ టాపిక్ ఇప్పుడే ముగించాను. 2008లో మనం క్షేమంగా బయటపడ్డాం కదా నల్లరేగడి గారూ? మన బ్యాంకు ఒక్కటీ మునగలేదు. వృద్ధి 9 శాతం నుంచి 7 లోపుకి వచ్చింది, అంతే. అమెరికా, యూరప్ అయితే మైనస్‌లోకి వెళ్లాయి.

పాత_లెడ్జర్
ఉండి తమ్ముడూ, మీ నాన్నగారి మాటలో నిజం ఉంది. 1990లో నేను ఒక ప్రభుత్వ బ్యాంకులో విదేశీ మారకం సెక్షన్‌లో గుమాస్తాని. అప్పుడు చూసింది చెప్తాను.

అప్పటి దేశం నిజంగానే తలుపులు మూసుకున్న దేశం. ఎగుమతులు, దిగుమతులు కలిపినా దేశ ఉత్పత్తిలో 15 శాతం చుట్టూ ఉండేవి. బయటి నుంచి చిన్న మిషను తెప్పించాలన్నా లైసెన్సు. కానీ మూసుకున్న ఇంట్లోకి కూడా చమురు రావాలి కదా. 1990 ఆగస్టులో ఇరాక్ కువైట్‌ని ఆక్రమించింది. చమురు రేటు ఒక్కసారిగా పైకెళ్లింది. అక్కడున్న మనవాళ్లు లక్షా డెబ్బై వేల మందిని విమానాల్లో తీసుకురావాల్సి వచ్చింది, వాళ్లు పంపే డబ్బు ఆగిపోయింది. విదేశాల్లో ఉన్నవాళ్లు ఇక్కడ వేసుకున్న డిపాజిట్లు వెనక్కి తీయడం మొదలుపెట్టారు. ఆ కాగితాలు నా టేబుల్ మీదికే వచ్చేవి. ఒక్కో రోజు గుట్ట. మా ఆఫీసరు గారు సంతకం పెడుతూ ఒక్క మాట మాట్లాడేవారు కాదు.

1991 జూన్ నాటికి దేశం దగ్గర మిగిలిన డాలర్లు రెండు మూడు వారాల దిగుమతులకు సరిపోయేంత. మే నెలలో 20 టన్నుల బంగారం స్విట్జర్లాండ్ బ్యాంకుకి, జులైలో మరో 47 టన్నుల దాకా బ్యాంక్ ఆఫ్ ఇంగ్లండ్, బ్యాంక్ ఆఫ్ జపాన్‌ల దగ్గరికి వెళ్లింది. జులై 1న, 3న రెండుసార్లు రూపాయి విలువ తగ్గించారు. అప్పటికి పీవీ గారు ప్రధాని అయి రెండు వారాలు కూడా కాలేదు.

మూసుకున్న దేశానికి డాలర్ల అవసరం తప్పలేదు. డాలర్లు సంపాదించే దారి మాత్రం ఇరుకైపోయింది. అదే అసలు జబ్బు.

నల్లరేగడి
@పాత_లెడ్జర్ అది మూసుకోవడం వల్ల వచ్చిన జబ్బు కాదు సార్, అప్పుల జబ్బు. 1980లలో ప్రభుత్వం అప్పు మీద అప్పు చేసింది. తలుపు మూసుకుని, అప్పు లేకుండా ఉంటే?

పాత_లెడ్జర్
అప్పుల మాట ఒప్పుకుంటాను. ఆ దశాబ్దం చివర్లో తీసుకున్న వాటిల్లో తక్కువ గడువు అప్పులు ఎక్కువ, వాటినే మళ్లీ మళ్లీ తిప్పాల్సి వచ్చేది. కానీ ఎగుమతులు బలంగా ఉన్న దేశానికి అప్పిచ్చినవాడు కొంచెం ఆగుతాడు. మనకి అమ్ముకునే సరుకు లేదు కాబట్టి ఎవడూ ఆగలేదు.

లాకుల_గట్టు
ఇంటర్ పిల్లలకి ఎకనామిక్స్ చెప్తాను, కోనసీమ. ఇక్కడ అందరూ "తెరవడం" అన్న మాటని ఒకే గాటన కడుతున్నారు. దాన్ని విడదీయకపోతే ఈ వాదన ఇంకో యాభై పోస్టులు పోయినా తేలదు.

దేశం తెరుచుకోవడం అంటే మూడు వేరువేరు పనులు. సరుకు రావడం, పోవడం. మనుషులు పోయి పనిచేసి డబ్బు పంపడం. డబ్బే స్వయంగా లోపలికి, బయటికి తిరగడం. ఈ మూడోదాంట్లో మళ్లీ రెండు రకాలు. ఫ్యాక్టరీ కట్టడానికి వచ్చిన డబ్బు భయపడినా రాత్రికి రాత్రి పారిపోలేదు, గోడలు మోసుకుని పోలేదు కాబట్టి. ఆరు నెలల అప్పుగానో షేర్లలోనో వచ్చిన డబ్బు మాత్రం ఒక్క ఫోన్‌తో పోతుంది.

మా ఊరి కాలవకి లాకులు, అంటే నీటిని ఆపే, వదిలే తలుపులు ఉంటాయి. నీళ్లు అక్కర్లేదని ఎవరూ లాకు కట్టరు. పడవ పోవాలి, చేను తడవాలి, వరద వస్తే గట్టు తెగకూడదు. లాకు ఎప్పుడు ఎంత ఎత్తాలో తెలిసిన మనిషి అక్కడ ఉండాలి.

1997 థాయ్‌లాండ్ చూడండి. వాళ్ల సరుకు వ్యాపారం వాళ్లని ముంచలేదు. 1993లో బ్యాంకాక్‌లో ఒక ప్రత్యేక ఏర్పాటు చేసి, బయటి డాలర్ అప్పుల్ని బ్యాంకులు ఇష్టంగా తెచ్చుకునే దారి తీశారు. డాలరుకి 25 బాత్‌లు అని రేటు దాదాపు కట్టేసి ఉంది కాబట్టి అందరూ ధైర్యంగా తెచ్చారు. తక్కువ గడువు డాలర్ అప్పు తెచ్చి అపార్ట్‌మెంట్లు కట్టారు. అపార్ట్‌మెంట్ బాత్‌లలో అమ్ముడుపోవాలి, అప్పు డాలర్లలో కట్టాలి, అదీ ఏడాది లోపు. 1997 జులై 2న రేటుని వదిలేశారు. ఆరేడు నెలల్లో డాలరు 50 బాత్‌లు దాటింది. కంపెనీల అప్పు కూర్చున్న చోటే రెట్టింపు అయింది.

మూడో_బెంచి
దీని పక్కనే మన తారాపూర్ కమిటీ గురించి చదివితే ఒళ్లు జలదరించింది. రూపాయిని పూర్తిగా స్వేచ్ఛగా డాలర్లలోకి మార్చుకునేలా మూడేళ్లలో దశలవారీగా తెరవొచ్చని ఆ కమిటీ రిపోర్టు ఇచ్చింది 1997 మే చివర్లో. జులై 2న బాత్ కూలింది. నెల తేడా! ఆ రిపోర్టు అటకెక్కింది.

అంకెలరాయుడు
ఆ కమిటీ తలుపులు ఊరికే తెరవమనలేదు. ముందు ద్రవ్యలోటు తగ్గాలి, ధరలు అదుపులో ఉండాలి, బ్యాంకుల మొండి బాకీలు తగ్గాలి అని షరతులు పెట్టింది. ఆ షరతులు చదవకుండా కమిటీని తిట్టేవాళ్లు చాలామంది, అందుకే చెప్తున్నా.

సియోల్_చలి
ఏడేళ్లుగా కొరియాలో రీసెర్చ్ చేస్తున్నాను. లాకుల_గట్టు మాస్టారు చెప్పిన "ఏ డబ్బు" అన్న ముక్క ఇక్కడ అక్షరాలా జరిగింది. 1990లలో కొరియా తెరిచింది, కానీ వరస తప్పింది. బ్యాంకులు తక్కువ గడువు విదేశీ అప్పు తెచ్చుకోవడం తేలిక, ఎక్కువ గడువు పెట్టుబడికి మాత్రం అడ్డంకులు ఎక్కువ. తుపానుకి మొదట ఎగిరిపోయే రకాన్నే ముందు లోపలికి రానిచ్చారు. 1996 డిసెంబరులో ధనిక దేశాల ఓఈసీడీలో చేరారు. సరిగ్గా ఏడాదికి, 1997 డిసెంబరులో, అప్పు కోసం అంతర్జాతీయ ద్రవ్యనిధి ఐఎంఎఫ్‌తో సంతకం పెట్టారు.

మా ఇంటి ఓనరమ్మకి డెబ్బై ఏళ్లు పైన. 1998 మొదట్లో దేశం కోసం బంగారం ఇవ్వమని అడిగితే జనం బ్యాంకుల ముందు క్యూలు కట్టారు. 35 లక్షల మంది, 227 టన్నులు. ఈవిడ తన పెళ్లి ఉంగరం, కొడుకు మొదటి పుట్టినరోజుకి చుట్టాలు పెట్టిన చిన్న ఉంగరాలు ఇచ్చేసింది. ఇక్కడ మొదటి పుట్టినరోజుకి బిడ్డకి బంగారం పెట్టడం ఆచారం, మనకి బారసాలలో పెట్టినట్టే. వాటికి డబ్బు తర్వాత వచ్చిందట. "డబ్బు వచ్చింది, ఉంగరం రాలేదు" అంది. ఆ మాట చెప్తున్నప్పుడు వేలు తడుముకుంది.

గోంగూర_పులుసు
చదివి కాసేపు ఏమీ రాయలేకపోయాను. మా అమ్మని అడిగాను, దేశానికి గాజులు ఇస్తావా అని. "దేశం వచ్చి అడిగితే ఇస్తాను, మీ నాన్న అడిగితే ఇవ్వను" అంది.

నల్లరేగడి
@గోంగూర_పులుసు మీ అమ్మగారికి నా నమస్కారం.

సియోల్_చలి గారూ, అదే సమయంలో మలేషియా ఏం చేసిందో కూడా చెప్పండి. ఐఎంఎఫ్ దగ్గరికి పోలేదు. 1998 సెప్టెంబరు 1న డబ్బు బయటికి పోకుండా ఆంక్షలు పెట్టింది, డాలరుకి 3.80 రింగిట్ అని రేటు కట్టేసింది. ప్రపంచమంతా తిట్టింది. 1998లో ఆర్థిక వ్యవస్థ 7 శాతం పైగా కుంగినా మరుసటి ఏడు 6 శాతం పెరిగింది. తలుపు మూసి బతికింది!

సియోల్_చలి
మూయకుండా, ఐఎంఎఫ్ షరతులు మింగిన కొరియా కూడా 1999లో 10 శాతం పైగా పెరిగిందండీ. అప్పుని గడువుకి మూడేళ్ల ముందే, 2001లో తీర్చేసింది. కాబట్టి మూయడం వల్లే మలేషియా లేచింది అనలేం. అలాగని షరతులు మంచివీ అనలేను. ఇక్కడ ఆ రెండేళ్లలో ఉద్యోగాలు పోయినవాళ్లు సూటు వేసుకుని ఇంట్లోంచి బయల్దేరి, పార్కుల్లో కూర్చుని సాయంత్రం తిరిగి వెళ్లేవారని ఇప్పటికీ చెప్పుకుంటారు.

లాకుల_గట్టు
ఇంకో సంగతి. మలేషియా మూసింది ఒక్క డబ్బు తలుపునే. సరుకు తలుపు తెరిచే ఉంచింది, ఫ్యాక్టరీలు పెట్టే విదేశీ కంపెనీలని ఉండనిచ్చింది. నల్లరేగడి గారు మలేషియా పేరు చెప్పి అన్ని తలుపులూ మూయమనకూడదు.

నల్లరేగడి
సరే, ఆ తేడా ఒప్పుకుంటాను.

మూడో_బెంచి
ఇదే లెక్కన 2008లో మనం ఎందుకు నిలబడ్డామో కూడా అర్థమవుతోంది. అప్పటికి మన వ్యాపారం దేశ ఉత్పత్తిలో 50 శాతం దాటింది, 1990తో పోలిస్తే మూడింతలు. అంటే సరుకు తలుపు బాగా తెరిచాం. డబ్బు తలుపు దగ్గర కాపలా పెట్టాం. ఆ కాపలా మనిషి అప్పటి రిజర్వు బ్యాంకు గవర్నరు, మన కడప జిల్లా వై.వి.రెడ్డి గారు. రియల్ ఎస్టేట్ అప్పుల మీద బ్యాంకులు ఎక్కువ మూలధనం పక్కన పెట్టాలని 2005లో ఒకసారి, 2006లో ఇంకోసారి బిగించారు. డాలర్లు వరదలా వస్తున్నప్పుడు వాటిని కొని నిల్వ వేశారు. 2008 వేసవికి నిల్వ 300 బిలియన్ డాలర్లు దాటింది. అప్పుడు ఎదుగుదలకి అడ్డం పడుతున్నారని ఆయన్ని చాలామంది విమర్శించారు.

పాత_లెడ్జర్
ఆ విమర్శలు నేను బ్యాంకు క్యాంటీన్‌లోనే విన్నాను. "ఈయన మరీ పాతకాలం మనిషి" అనేవారు కుర్రాళ్లు. 2008 సెప్టెంబరు 5న దువ్వూరి సుబ్బారావు గారు గవర్నరు కుర్చీలో కూర్చున్నారు. పది రోజులకి, 15న, అమెరికాలో పెద్ద బ్యాంకు లేమాన్ బ్రదర్స్ కూలింది. ఒక తెలుగాయన గోదాము నింపి ఇచ్చి వెళ్తే, ఇంకో తెలుగాయన కరువులో దాన్ని తీసి వాడారు. రెపో రేటు, అంటే రిజర్వు బ్యాంకు మిగతా బ్యాంకులకి అప్పిచ్చే వడ్డీ, 9 శాతం నుంచి ఆరేడు నెలల్లో 4.75కి వచ్చింది. బ్యాంకులు రిజర్వు బ్యాంకు దగ్గర ఉంచాల్సిన నగదు నిల్వ నిష్పత్తిని 9 నుంచి 5కి తెచ్చారు. తగ్గించడానికి అంత చోటు ఉండబట్టే తగ్గించగలిగారు.

కానీ ఆ రోజుల్లో మాకు టెన్షన్ లేదనుకోకండి. ఒక ప్రైవేటు బ్యాంకు మునిగిపోతోందని పుకారు లేస్తే ఏటీఎంల ముందు జనం. రూపాయి ఏడాది మొదట్లో డాలరుకి 40 లోపు ఉన్నది చివరికి 50 దాకా వెళ్లింది. మనకి దెబ్బ రెండు దారుల్లో వచ్చింది, షేర్లలో డబ్బు వెనక్కి పోవడం, ఎగుమతులు పడిపోవడం. బ్యాంకుల దారిలో మాత్రం రాలేదు. అందుకే మూడో_బెంచి అన్నట్టు క్షేమంగా బయటపడ్డాం.

జగిత్యాల_పిలగాడు
"క్షేమంగా" అన్న మాట ఈ థ్రెడ్‌లో రెండుసార్లు చదివిన. ఇగ రాయక తప్పలేదు.

మా నాయిన 2006ల దుబాయ్ పోయిండు. కన్‌స్ట్రక్షన్ కంపెనీ, ఇనుప రాడ్లు కట్టే పని. ఏజెంటుకు కట్టిన పైసలు ఊర్లె మిత్తికి తెచ్చినవే, నూటికి మూడు. మొదటి రెండేండ్లు వచ్చిన జీతం మిత్తికే సరిపోయింది. 2008 ఎండాకాలం నుంచి అసలు తీరుడు మొదలైంది. అప్పుడే అక్కడ బిల్డింగులు ఆగినయ్. క్రేన్లు ఎక్కడివక్కడ నిలబడినయని నాయిన ఫోన్ల చెప్పేటోడు. మూడు నెలలు క్యాంపుల జీతం లేకుండ కూసోబెట్టిన్రు. 2009 ఫిబ్రవరిల టికెట్ చేతిల పెట్టి పంపిన్రు. ఆ ఏడు నవంబరుల అక్కడి సర్కారు కంపెనీ దుబాయ్ వరల్డ్ అప్పులు కట్టలేమని చేతులెత్తేసినప్పుడు పేపర్లల్ల పెద్ద వార్త వచ్చింది. మా ఇంట్ల ఆ వార్త తొమ్మిది నెలల ముందే వచ్చింది.

మా ఊరి నుంచి ఒక్క ఆ సంవత్సరమే ఇరవై మంది దాకా వాపస్ వచ్చిన్రు. మన బ్యాంకు ఒక్కటి మునగలేదు, నిజం. మునిగినోళ్లు బ్యాంకు లెక్కల్ల లేరు. మిత్తికి ఇచ్చినాయన దగ్గర ఉన్నరు. నేను అప్పుడు తొమ్మిదో తరగతి. అక్క ఇంటర్ ఆపేసింది.

మూడో_బెంచి
అన్నా, తప్పు నాదే. వృద్ధి రేటు చూసి రాశాను. ఇలా ఆలోచించలేదు. అక్క తర్వాత చదివారా?

జగిత్యాల_పిలగాడు
ఓపెన్ యూనివర్సిటీల డిగ్రీ చేసింది, పెండ్లయినంక. ఇప్పుడు అంగన్‌వాడీ టీచర్. నువ్వు తప్పు చేసినవ్ అనలేదు తమ్మి, పుస్తకంల అట్లనే ఉంటది.

అంకెలరాయుడు
జగిత్యాల తమ్ముడు చెప్పినదానికి ఒక అంకె జోడిస్తాను, నన్ను చాలా రోజులు కలవరపెట్టిన అంకె. 2008-09లో విదేశాల నుంచి మనవాళ్లు పంపిన డబ్బు తగ్గలేదు, కొంచెం పెరిగింది. సంక్షోభంలో కూడా ప్రవాసుల డబ్బు స్థిరంగా వస్తుంది, అది దేశానికి రక్ష అని అందరూ మెచ్చుకుంటారు. నాది కూడా అదే అభిప్రాయం. కానీ ఉద్యోగం పోయి వచ్చేవాడు చివరి సెటిల్‌మెంటు, దాచుకున్నది మొత్తం ఒకేసారి పంపించినా అది ఆ లెక్కలోకే వస్తుంది. దేశానికి అది జమ. ఆ ఇంటికి ఆఖరి జమ.

సముద్రం_అవతల
అంకెలరాయుడు గారూ, ఈ ముక్కకి నా దగ్గర రెండో వైపు ఉంది. సింగపూర్‌లో 2007 నుంచి ఉంటున్నాను. ప్రపంచంలో ఇంతకంటే తెరిచిన దేశం వెతికినా దొరకడం కష్టం. ఎగుమతులు, దిగుమతులు కలిపితే దేశ ఉత్పత్తికి మూడింతలు పైన. తాగే నీళ్లలో కూడా కొంత పక్క దేశం నుంచి వస్తాయి. అన్నయ్యగారి లెక్క ప్రకారం ఏ సంక్షోభం వచ్చినా ఈ దేశం లేవకూడదు.

2009 మొదటి నెలల్లో నిజంగానే ఓడరేవు బయట ఓడలు పని లేక లంగరు వేసుకుని వరసగా నిలబడ్డాయి. మా బాల్కనీ నుంచి రాత్రి పూట దీపావళిలా ఉండేది, చూస్తే భయం వేసేది. ప్రభుత్వం జనవరిలోనే 20.5 బిలియన్ సింగపూర్ డాలర్ల ప్యాకేజీ తెచ్చింది. అందులో కొంత, దాదాపు 4 బిలియన్లు, ఏళ్ల తరబడి దాచిన నిల్వ నుంచి తీశారు. ఆ నిల్వ ముట్టాలంటే రాష్ట్రపతి కూడా ఒప్పుకోవాలి. ఒక్కో ఉద్యోగి జీతంలో మొదటి 2,500 డాలర్ల మీద 12 శాతం ప్రభుత్వమే కంపెనీలకి ఇచ్చింది, మనుషుల్ని తీసేయకండి అని. 2010లో ఈ దేశం 14 శాతం పైగా పెరిగింది. 2011లో ఆ నిల్వ డబ్బు మళ్లీ తిరిగి పెట్టేశారు.

మాల్టాకి చెందిన బ్రిగూలియో అనే ఆర్థికవేత్త దీన్ని "సింగపూర్ వైరుధ్యం" అన్నాడు. గాలికి ఎదురుగా ఉండటం, గాలి వచ్చినా పడిపోకుండా ఉండటం, ఈ రెండూ వేరు అని ఆయన చెప్పింది. మొదటిది తెరవడం వల్ల వస్తుంది. రెండోది నువ్వు కట్టుకోవాలి.

ఇప్పుడు రెండో వైపు. ఆ 12 శాతం ఇక్కడి పౌరులకి, పర్మనెంట్ రెసిడెంట్లకి మాత్రమే. నాకు, మావారికి కాదు. 2009 మార్చిలో మావారి ఉద్యోగం పోయింది. పాస్ (ఇక్కడ పని చేసుకునే అనుమతి) రద్దయితే నెల లోపు దేశం వదలాలి. పాప కడుపులో ఏడో నెల. నా పాస్ నిలబడింది కాబట్టి ఉండిపోయాం. ఆ నెలలో మా బ్లాకులో ఖాళీ అయిన తెలుగు ఇళ్లు నాలుగు. ఈ దేశం త్వరగా తేరుకోవడానికి కారణాలు చాలా ఉన్నాయి. కష్టం వచ్చినప్పుడు బయటివాళ్లని వెనక్కి పంపగలగడం కూడా వాటిల్లో ఒకటి. జగిత్యాల తమ్ముడి నాన్నగారిని దుబాయ్ అలాగే వాడుకుంది.

జగిత్యాల_పిలగాడు
అక్కా, పాప ఎట్లుంది?

సముద్రం_అవతల
పదహారేళ్లు తమ్ముడూ. నాకంటే పొడుగు.

నల్లరేగడి
పది పోస్టుల ముందు నేను "ఎక్కువే, అనుమానం లేదు" అన్న రకం మనిషిని. ఇప్పుడు ఐస్‌లాండ్ గురించి అడగాలని ఉంది. అది ధనిక దేశం, చదువుకున్న జనం. సింగపూర్ లాగే చిన్నది. మరి అదెందుకు కూలింది?

లాకుల_గట్టు
జనాభా మూడు లక్షల పైచిలుకు. వాళ్ల మూడు పెద్ద బ్యాంకులు బయటి దేశాల్లో డబ్బు తెచ్చి తెచ్చి, ఆ బ్యాంకుల ఆస్తుల లెక్క దేశ ఉత్పత్తికి దాదాపు పదింతలు అయింది. ఇంగ్లండ్, నెదర్లాండ్స్ జనం ఇంటర్నెట్‌లో వాటిల్లో డిపాజిట్లు వేశారు. బ్యాంకుకి కష్టం వస్తే ఆదుకోవాల్సింది ఆ దేశపు కేంద్ర బ్యాంకు. అది తన కరెన్సీ అచ్చు వేయగలదు, పౌండ్లు, యూరోలు ఎక్కడి నుంచి తెస్తుంది? 2008 అక్టోబరులో వారం రోజుల్లో మూడూ కూలాయి. సింగపూర్ తెరిచింది, గోదాము కూడా నింపుకుంది. ఐస్‌లాండ్ తెరిచింది, గోదాము కట్టలేదు.

మూడో_బెంచి
ఆ తర్వాత వాళ్లు కూడా డబ్బు తలుపు మూశారు. 2015 దాకా అనుకుంటా.

అంకెలరాయుడు
2008 నవంబరు నుంచి 2017 మార్చి దాకా. ఆంక్షలు కొన్ని నెలలకే అనుకుని పెట్టారు, ఎనిమిదేళ్లు దాటింది. మూయడం తేలిక, మళ్లీ తెరవడం కష్టం. ఈ ముక్క పరీక్షలో రాయి తమ్ముడూ.

పాత_లెడ్జర్
మన సంగతి కూడా పూర్తి చేద్దాం, లేకపోతే మన దేశం ఎప్పుడూ సరిగ్గా చేసిందన్న భ్రమ మిగులుతుంది. 2013 చూడండి. అమెరికా కేంద్ర బ్యాంకు తన బాండ్ల కొనుగోళ్లు తగ్గించొచ్చని మే నెలలో ఒక మాట అంది. మాట మాత్రమే. ఆగస్టు 28కి డాలరు 68 రూపాయలు దాటింది. 2008లో నిలబడ్డ దేశమే 2013లో వణికింది. తలుపులు అవే. 2012-13 నాటికి మన కరెంట్ ఖాతా లోటు, అంటే బయటి నుంచి వచ్చే రాబడి కంటే బయటికి పోయేది ఎంత ఎక్కువో ఆ తేడా, దేశ ఉత్పత్తిలో 4.8 శాతానికి చేరింది, ధరలు మండుతున్నాయి, బంగారం దిగుమతులు విపరీతం. ఇంట్లో సామాను సర్దుకోనప్పుడు చిన్న గాలి కూడా తుపానులాగే ఉంటుంది.

నల్లరేగడి
నాకు ఒకటి గుర్తొచ్చింది. 2008-09లో మా వైపు పత్తి, వేరుశనగ రెండూ అంతంత మాత్రం. ఊరు వదిలి బెంగళూరు పోవాల్సినవాళ్లు కొందరు ఉండిపోయారు, ఉపాధి హామీ పనికి పోయి. ఆ పథకం 2006 ఫిబ్రవరి 2న మొదలైంది మా పక్కనే, అనంతపురం జిల్లా బండ్లపల్లిలో. సంక్షోభం కోసం పెట్టింది కాదు, పల్లెల్లో పనుల్లేని రోజుల కోసం పెట్టింది. కానీ సంక్షోభానికి పనికొచ్చింది. రిజర్వు బ్యాంకు గోదాము గురించి ఇంత మాట్లాడుకున్నాం, ఈ గోదాము గురించి కూడా మాట్లాడాలి. డాలర్ల నిల్వ దేశాన్ని కాపాడుతుంది. జగిత్యాల తమ్ముడి అక్క చదువుని కాపాడేది వేరే ఉండాలి.

జగిత్యాల_పిలగాడు
గల్ఫ్ నుంచి వాపస్ వచ్చినోళ్లకు అసొంటిది ఏదీ లేకుండె అప్పుడు. నాయిన కూడా ఉపాధి పనికి పోయిండు కొన్ని రోజులు. రాడ్లు కట్టిన చేతులు, మట్టి తవ్వినయ్. సిగ్గుపడలేదు. నేను ఫీజు కట్టింది ఆ పైసలతోనే.

ఉండి_రైతుబిడ్డ
నిన్న రాత్రి ఈ థ్రెడ్ అంతా అన్నయ్యకి, నాన్నకి చదివి వినిపించాను. జగిత్యాల అన్న పోస్టు దగ్గర అన్నయ్య ఫోన్ తన చేతిలోకి తీసుకుని మళ్లీ చదువుకున్నాడు.

తర్వాత ఒక ప్రశ్న వేశాడు, దానికి జవాబు చెప్పండి. మాది ఆర్థిక సంక్షోభం కాదు, ఒక దేశం వేసిన సుంకం. దీనికి రిజర్వు బ్యాంకు గోదాము ఏం చేస్తుంది?

లాకుల_గట్టు
మీ అన్నయ్య సరిగ్గా పట్టుకున్నాడు. ఇది వేరే జబ్బు. అయితే మూలం ఒకచోట కలుస్తుంది. థాయ్‌లాండ్ బ్యాంకులకి ఒకే రకం అప్పు. మన రొయ్యకి ఎక్కువగా ఒకే కొనుగోలుదారు, అమెరికా. 2025 ఆగస్టులో ఎక్వడార్ రొయ్య మీద అమెరికా వేసింది 15 శాతమే, కాబట్టి ఆ దేశం మన చోటులోకి వచ్చి కూర్చుంటుంది. తలుపు తెరవడం కాదు ఇబ్బంది, వీధిలో ఒక్క ఇంటికే తలుపు తెరవడం. యూరప్, జపాన్, చైనా, అన్నిటికంటే ముందు మన దేశం. రొయ్యలు పండించే మనమే రొయ్యలు ఎంత తక్కువ తింటామో చూడండి. హైదరాబాద్ దాటితే దొరకడమే కష్టం.

పాత_లెడ్జర్
ఇంకొకటి, లీజు సంగతి. ఎనిమిదెకరాల లీజు కౌలు ముందే కట్టేస్తే, రేటు పడినప్పుడు మొత్తం బరువు మీ మీదే. వచ్చే పంటకి కౌలులో కొంత భాగం పట్టుబడి (రొయ్యలు పట్టి అమ్మే) రేటుతో ముడిపెట్టమని అడిగి చూడండి. ఒప్పుకోకపోవచ్చు. కానీ చెరువు ఖాళీగా పెట్టుకునే కంటే నయమని ఒకరిద్దరైనా ఒప్పుకుంటారు. మేత షాపు అప్పు మీద ఎంత వడ్డీ కడుతున్నారో మాత్రం ఈరోజే కాగితం మీద రాసుకోండి. అది తక్కువ గడువు అప్పు, థాయ్‌లాండ్‌వాళ్లదీ అదే.

ఉండి_రైతుబిడ్డ
రాశాను సార్. అనుకున్నదానికంటే ఎక్కువ ఉంది. నాన్న చూసి ఏమీ అనలేదు, కాగితం మడిచి జేబులో పెట్టుకున్నాడు.

ఈ పంటకి సగం చెరువుల్లో చేప వేద్దామని అన్నయ్య అంటున్నాడు. మిగతా సగం వనామి. లాకుల_గట్టు మాస్టారు చెప్పిన "మన దేశం" ముక్క మీద మాకు ఆశ ఉంది, కానీ ఐసు, వ్యాను, అమ్మే మనిషి ఎక్కడ దొరుకుతారో తెలియదు.

జగిత్యాల_పిలగాడు
అన్నా, మా దగ్గర రొయ్య దొరకాలంటే కష్టమే. ఎప్పుడన్న వచ్చినా పాతది, వాసన. చేపలమ్మే ఇద్దరు నాకు బాగ తెల్సు, ఒకాయన నాయినతోని దుబాయ్‌ల ఒకే క్యాంపుల ఉండె. ఐసు పెట్టి రాత్రి బండిల ఎక్కిస్తే పొద్దుగాలకు ఇక్కడికి వస్తదా? వారానికి ఎన్ని కిలోలు పంపగలుగుతవో, ఏ కౌంటో రాయి. ఆదివారం మార్కెట్ల అడిగి చెప్త.